లేని చెరువులకు మేతవేళ

కిందటి నెలలో మా మామగారు పోయారు. ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసేసరికి నేను నా డీటీపీ షాపులో ఎవరిదో పెళ్లికార్డు సరిచూస్తున్నాను. "నాన్న ఇక లేరు" అన్నాడు. "నాతో తగువు తేల్చకుండానే?" అన్నాను. నా నోటివెంట వచ్చిన మొదటి మాట అదే. ఏడుపు ఆ తరవాత వచ్చింది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా దేవుడిలాంటి మనిషి అన్నారు. కాదండీ. జగమొండి. ఒకే ఇంట్లో ఉండి ఇన్నేళ్లూ ఇద్దరం గొంతు పెంచకుండా పోట్లాడుకున్నాం. పోయినవాళ్లని పొగడాలంటారు గాని, నేను పొగిడితే ఆయనే నమ్మరు.

మామగారు చేపల మేత కంపెనీలో పనిచేశారు. కొల్లేటిలో గట్లు వేసి తవ్విన చెరువులన్నీ బండి మీద తిరిగి, దేనికి ఎప్పుడు మేత పడాలో, ఎప్పుడు చేప పట్టాలో చెప్పడం ఆయన ఉద్యోగం. మా నాన్నది అదే కొల్లేటిలో లంక ఊరు. దోనె మీద వెళ్లి వల వేసుకునే మనిషి. గట్లు లేచాక ఆయన వల వేసే నీళ్ల దగ్గర కాపలావాడు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆ నీళ్లకి కంపెనీ లెక్కలో నాలుగో నంబరు చెరువని పేరు. ఇలాంటి ఇంటి పిల్ల అలాంటి ఇంటి అబ్బాయిని ప్రేమించి చేసుకుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పెళ్లయ్యాక మా నాన్న మొదటిసారి ఏలూరులో మా ఇంటికి వచ్చినప్పుడు అత్తగారు చేపల పులుసు వడ్డించారు. నాన్న కంచం పక్కకి జరిపి, "మేత తిన్న చేప మేం తినం" అన్నాడు. మామగారు విస్తుపోలేదు. "పోనీలెండి, బావగారికి పప్పు వెయ్యండి. పప్పు ఏ మేతా తినదు" అన్నారు. అంత మర్యాదగా మా నాన్నని ఇంకెవరూ కొట్టలేదు.

కంపెనీవాళ్లు ఆయనకి అరచేతిలో పట్టే ఆర్గనైజర్ ఒకటి ఇచ్చారు. సన్న పుల్లతో దాని అద్దం మీద రాసేవారు. మేతవేళకి అది కీచుమని మోగేది. పెళ్లిలో ఉన్నా చావులో ఉన్నా లేచి వెళ్లి కాపలావాళ్లకి ఫోన్ చేసేవారు. "మేతకి వేళ తప్పితే చేప క్షమించదండీ" అనేవారు. మనుషుల సంగతి ఆయనకంత పట్టేది కాదు.

ప్రభుత్వం కొల్లేటి గట్లు అక్రమమని కొట్టించినప్పుడు ఆయన చెరువులన్నీ పోయాయి. నాలుగో నంబరూ పోయింది. ఆ రోజు మా నాన్న ఫోన్‌లో నవ్వాడు. నేనూ నవ్వాను, హాల్లో నిలబడి, మామగారికి వినబడేలాగే. మామగారు అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్న ఆర్గనైజర్ మోగితే మాత్రం లేచి కూర్చున్నారు.

దాంతో వచ్చిన చిక్కేమిటంటే, సెల్స్ పూర్తిగా అయిపోతే అందులో రాసినదంతా చెరిగిపోతుంది. అందుకని దాన్ని నా డీటీపీ సెంటర్లో పాత కంప్యూటరుకి తగిలించి నకలు దింపుకునేవారు. నేను ఆ కంప్యూటరు ఇచ్చేసి కొత్తది కొన్నాను. ఆయన తీగకి కావలసిన పిన్నుల సాకెట్ కొత్తదానికి లేదు.

"ఏవండీ, మీ కొత్త కంప్యూటరుకి చెవుడా?" అన్నారు, తీగ చేత్తో పట్టుకుని. కోపమొచ్చినా, వెక్కిరించాలన్నా నన్ను మీరనేవారు.

"లేని చెరువులకి మేతవేళలు ఎందుకండీ? చెరిపెయ్యరాదా?" అన్నాను.

"చేపల్లేని చోట మీ నాన్నగారు ఇన్నేళ్లు వల వెయ్యలేదా? నేనేమన్నా అన్నానా?"

ఆ మాటకి ఒళ్లు మండిపోయింది. మండిపోతూనే బెజవాడ నుంచి వేరే రకం కేబుల్ తెప్పించాను. కంప్యూటరు దాన్ని గుర్తుపట్టలేదు. సీడీలో ఏదో ఎక్కించాను. గుర్తుపట్టింది, మళ్లీ మరిచిపోయింది. మామగారు కుర్చీ లాక్కుని నా భుజం వెనకే కూర్చున్నారు. ఒకరోజు ఒక కస్టమరు వచ్చి, "ఏమ్మా, ఓనరుగారు లేరా?" అంటూ ఆయన వైపు చూశాడు. "ఆవిడేనండీ ఓనరు. నేను ఆవిడ చేత తిట్లు తినడానికి వచ్చాను" అన్నారు. కోపంలో కూడా నాకు రావలసిన మర్యాద నాకు ఇప్పించిన మనిషి. ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను.

చివరికి పాత కంప్యూటరు ఇచ్చేసేముందు సీడీలో దాచిన నకలు కొత్తదాంట్లో ఎక్కించి, ఆర్గనైజర్ తగిలించి, రెండూ కలపమని నొక్కాను. అది నిజంగానే రెండూ కలిపేసింది. అందులోనూ ఇందులోనూ ప్రతి చెరువూ రెండేసి, ప్రతి మేతవేళా రెండేసి. నాలుగో నంబరు చెరువు ఒకదాని కింద ఒకటి రెండుసార్లు కనబడుతోంది, నా సొంత కంప్యూటరులో!

మామగారు కళ్లజోడు సర్దుకుని చూశారు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. "వాళ్లు కొట్టేస్తే మీరు రెండింతలు చేశారు! మీ నాన్నగారికి చెప్పండి."

"ఇటివ్వండి, రెండోవి తీసేస్తాను."

"తియ్యకండి. మీ చేతిమీదుగా వచ్చిన చెరువులు. ఉండనివ్వండి."

అప్పటినుంచి ఆర్గనైజర్ ప్రతి మేతవేళకీ రెండుసార్లు మోగింది. ఒకటి నొక్కి ఆపితే వెంటనే రెండోది. రెండోది మోగినప్పుడల్లా నా వైపు చూసేవారు. ఆ చూపుకి నాకు ఇప్పటికీ కోపమే.

దినాలయ్యాక ఆయన వస్తువులు సర్దుతుంటే ఆర్గనైజర్ అందరూ వద్దన్నారు. సెల్స్ నీరసించాయని అద్దం మీద గుర్తు వచ్చింది. పోతే పోనీ అనుకున్నాను. పోనీ అనుకుంటూనే వీధి చివర కొట్టుకి వెళ్లి కొత్త సెల్స్ కొని వేశాను, ఆయన్ని తిట్టుకుంటూ. దాన్ని సంచిలో పడేసుకుని పుట్టింటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున్న నాన్నతో దోనె ఎక్కాను. తెగిన గట్టు దాటి లోపలికి వెళ్లాం. నీళ్లనిండా గుర్రపుడెక్క, దాని మధ్య మేత సంచులు కట్టే గెడలు రెండు ఇంకా నిలబడి ఉన్నాయి. నాలుగో నంబరు. నాన్న వల విప్పుతుంటే నా సంచిలో కీచుమంది.

"ఏంటే అమ్మాయ్ ఆ కూత?"

"మా మామగారిది నాన్నా. ఈ చెరువుకి మేత వెయ్యమంటోంది."

నాన్న వల వదిలేశాడు. "బతికుండగా ఈ నీళ్లలో నన్ను అడుగు పెట్టనివ్వలేదు. పోయాక కూడా నాకు పని చెబుతున్నాడా?" గెడల వైపు చూశాడు. తరవాత క్యారేజీ మూత తీసి, పిడికెడు చద్దన్నం తీసి నీళ్లలో చల్లాడు. "తిను," అన్నాడు. ఎవరితో అన్నాడో నేను అడగలేదు.

మీట నొక్కాను. వెంటనే రెండోసారి మోగింది.

"మళ్లీ ఏంటే?"

"ఇది నాది నాన్నా," అని క్యారేజీ అందుకున్నాను.