మైకమ్మ ముందుపళ్ళు

ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు. మైకమ్మకి రాయి కూడా దొరకలేదు. బస్‌స్టేషన్లో మైకు గదికి ఎక్కడానికి తొమ్మిది ఇనప మెట్లున్నాయి. వాన కురిసిన ఉదయం, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఆ రోజు బస్సుల పట్టీ పట్టుకుని ఎక్కుతుంటే ఏడో మెట్టు మీద కాలు జారింది. పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పై మెట్టు అంచు నేరుగా నోటికి తగిలింది.

మైకమ్మ ఆమె అసలు పేరు కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతోంది కాబట్టి డ్రైవర్లు, కండక్టర్లు, ఆఖరికి స్టేషన్ మేనేజరు కూడా అలాగే పిలిచేవారు. రోజూ వచ్చే ప్రయాణికుల్లో ఆమె ముఖం తెలిసినవాళ్ళు పదిమంది కూడా ఉండరు. గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు. కూరగాయల కొట్లో ఆమె బేరమాడుతుంటే వెనకనున్నవాళ్ళు ఉలిక్కిపడి గడియారం చూసుకున్న సందర్భాలున్నాయి.

ఆ ఉదయం పైవరస ముందుపళ్ళు రెండూ పోయాయి. పక్క పన్ను నిలువునా బీటవారింది. పోయిన రెంటిలో ఒకటి రెండు ముక్కలై మెట్ల కిందే దొరికింది. రెండోది మర్నాడు ఊడ్చే ఆవిడకి కాలవ జాలీ దగ్గర దొరికితే, కాగితంలో పొట్లం కట్టి భద్రంగా తెచ్చి ఇచ్చింది. పళ్ళ డాక్టరమ్మ ఆ పొట్లం విప్పి చూసి తల అడ్డంగా ఊపింది.

"దీన్ని నిన్ననే పాలలో వేసి గంటలోపల తెచ్చుంటే మళ్ళీ కూర్చోబెట్టడానికి ప్రయత్నం చేసేదాన్ని. ఇప్పుడు లాభం లేదమ్మా."

డాక్టరమ్మకి ముప్పై ఏళ్ళుంటాయి. తొందర లేని మనిషి. అద్దం చేతికిచ్చి ఒక్కొక్కటే చూపించింది. బీటవారిన పన్నుకి లోపలి నరం తీసేసి, శుభ్రం చేసి, పైన క్యాప్ వెయ్యొచ్చు. పోయిన రెంటికీ దారులు రెండు. అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి వాటి ఆధారంతో వంతెనలా నాలుగు పళ్ళూ కలిపి కట్టడం ఒకటి. దవడ ఎముకలోకి చిన్న మరలు బిగించి, అవి ఎముకతో కలిసిపోయేదాకా ఆగి, వాటి మీద విడివిడిగా పళ్ళు పెట్టడం ఇంకొకటి. మొదటిది త్వరగా అయిపోతుంది. రెండోదానికి అయిదారు నెలలు పట్టొచ్చు.

మైకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అడిగింది. "నా ముందుపళ్ళ మధ్య కొంచెం సందుండేదండీ. అదీ వస్తుందా?"

డాక్టరమ్మ నవ్వింది. "అందరూ సందు పూడ్చమని వస్తారు. మీరేమిటి, కావాలంటున్నారు?"

"నా 'స' ఆ సందులోంచే వచ్చేది."

వంతెన కడితే రెండు పళ్ళూ అతుక్కుని ఉంటాయి, సందు కుదరదు. మరలైతే విడివిడిగా ఉంటాయి, కుదురుతుంది. ఆ ఒక్క మాటతో మైకమ్మ నిర్ణయం అయిపోయింది. మరలూ నట్లూ తప్ప మరో లోకం తెలియని మెకానిక్కు ఆమె భర్త. అంతా విని, "మరీ బిగించొద్దని చెప్పు. మర అరిగిపోతుంది" అని ఒకే ఒక్క సలహా ఇచ్చాడు.

మరలు బిగించారు. అవి కుదురుకునేదాకా పెట్టుకోమని, అంగిలికి అతుక్కునే పలచని పలక మీద రెండు పళ్ళు అమర్చి ఇచ్చారు. అద్దంలో చూస్తే బాగానే ఉంది. నోరు తెరిస్తేనే తంటా. త, ద, న, స: పళ్ళని ఆనుకుని పుట్టే అక్షరాలన్నీ ఒక్కసారిగా ఎదురుతిరిగాయి. అన్నిటికన్నా అన్యాయంగా, స్టేషన్లో ఎక్కువగా తిరిగే బస్సు తొంభై తొమ్మిదో నంబరు. మొదటిరోజు గదిలో తలుపేసుకుని చెప్పి చూసుకుంది. "థొంభై థొమ్మిది" అని వచ్చింది, చివర చిన్న ఈల కూడా వినిపించింది.

మేనేజరు మంచివాడే. కానీ స్టేషను ఆగదు కదా. పెద్దాఫీసు వాళ్ళు ఎన్నాళ్ళనుంచో ఇస్తామంటున్న రికార్డు గొంతు మిషన్ని తెప్పించి పెట్టాడు. మైకమ్మని కింద విచారణ కిటికీ దగ్గర కూర్చోమన్నాడు. అక్కడ ఆమె చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, అడిగినవాళ్ళకి నంబర్లు కాగితం మీద రాసిచ్చేది. పైనుంచి ఎవరో తెలియని అమ్మాయి తేనెలాంటి గొంతుతో తన బస్సుల్ని పిలుస్తుంటే, తన వంటింట్లో ఇంకెవరో వండుతున్నట్టు అనిపించేది.

ఇంట్లో ఆమె మాటలు తగ్గించేసింది. అది ముందుగా కనిపెట్టింది అత్తగారు. అత్తగారికి పదకొండేళ్ళుగా పైనా కిందా కట్టుడు పళ్ళే. రాత్రి గ్లాసులో నీళ్ళు పోసి పెట్టుకుని, తెల్లారాక కడుక్కుని పెట్టుకునే ఆ పళ్ళతో వీధి వీధంతా వినబడేలా మాట్లాడగలదు.

"ఏమ్మాయ్, పళ్ళు ఊడాయా, నాలుకే ఊడిందా?" అంది ఒక సాయంత్రం.

"ఈల వస్తోంది అత్తయ్యా. నలుగురూ నవ్వుతారు."

"కొత్త పళ్ళ మధ్య నాలుక కొత్త కోడలు లాంటిది. ఏ సామాను ఎక్కడుందో తెలీక అన్నీ తన్నుకుంటుంది. నువ్వు ఈ ఇంటికొచ్చినప్పుడు ఉప్పు డబ్బా ఎన్ని రోజులు వెతికావో గుర్తు లేదా? ఇటు రా, కూర్చో."

మర్నాటినుంచి చదువు మొదలైంది. అత్తగారు దినపత్రిక తీసి చావు వార్తల పేజీ కోడలి చేతికిచ్చింది.

"ఇదేమిటి అత్తయ్యా, పొద్దున్నే!"

"చచ్చినవాళ్ళ పేర్లలో అక్షరాలన్నీ ఉంటాయి. పైగా తప్పు చదివితే వచ్చి అడిగేవాళ్ళుండరు. చదువు."

మైకమ్మ చదివేది. తడబడినచోట అత్తగారు చేతికర్రతో నేలమీద కొట్టేది. "నాలుక ముందుకి తోసెయ్యకు. పలకని తాకీ తాకనట్టు తాకించు." ఆ తర్వాత "తాతా, తాళం తీసి తలుపు తొయ్యి" అన్నది పదిసార్లు. తిండి విషయంలోనూ ఆవిడదే పెత్తనం: పండైనా చిన్న ముక్కలు కొయ్యాలి, ముందుపళ్ళతో కొరకకూడదు, రెండు వైపులా నమలాలి. అత్తలేని కోడలుత్తమురాలు అంటారు గానీ, ఆ నెలలో మైకమ్మకి అత్త లేకపోతే ఏమయ్యేదో.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు తెల్లారేసరికి కుండపోత వాన. మధ్యాహ్నానికి ఏటి ఒడ్డు రోడ్డు మూసేశారు. పన్నెండు బస్సులు దారి మళ్ళాయి, నాలుగు రద్దయ్యాయి, ప్లాట్‌ఫారాలన్నీ తారుమారయ్యాయి. మిషన్‌కి ఇవేమీ తెలియవు. రాని బస్సుని వచ్చిందని చెబుతోంది, ఏడు మీదున్న బస్సుని మూడు మీదుందని చెబుతోంది. జనం సంచులు, పిల్లలు, తడిసిన గొడుగులతో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరుగులు. విచారణ కిటికీ ముందు వందమంది. చీటీలు రాయడానికి చేతులు చాలలేదు.

మేనేజరు తడిసి ముద్దై వచ్చాడు. "మైకమ్మా, పైకెళ్ళు. ఎలా వస్తే అలా చెప్పేయమ్మా."

"ఈల వస్తుంది సార్."

"రానీ. ఆ మిషను గొంతు తేనే గానీ, చెప్పేదంతా అబద్ధం."

ఈసారి ఆమె గొడుగు కిందే వదిలేసి, కడ్డీ పట్టుకుని ఎక్కింది. మిషను ఆపింది. మైకు ముందు కూర్చుని ఒక నిమిషం ఊపిరి తీసుకుంది. అప్పుడు ఆమె అన్న మాటలు ఆ రోజు అక్కడున్నవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు.

"ప్రయాణికులకి నమస్కారం. నా ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. మాటలో ఈల వస్తుంది. కాస్త ఓపిగ్గా వినండి, బస్సులు మాత్రం సరిగ్గానే చెబుతాను."

కింద గొల్లున నవ్వారు. ఆ నవ్వు గది కిటికీ అద్దాల్లోంచి ఆమెకి వినిపించింది. ఏమీ కాలేదు. నవ్వినవాళ్ళే నిలబడి వినడం మొదలుపెట్టారు. రెండున్నర గంటలపాటు ఒక్కో బస్సూ రెండేసి సార్లు చెప్పింది. తొంభై తొమ్మిది దగ్గరికి వచ్చినప్పుడల్లా నాలుకని తాకీ తాకనట్టు తాకించింది. సాయంత్రానికి ప్లాట్‌ఫారాలు ఖాళీ అయ్యాయి. ఎవరూ తప్పు బస్సు ఎక్కలేదు.

ఇంటికొచ్చి అత్తగారికి అంతా చెబితే, ఆవిడ సంతోషం దాచుకుని, "ఊళ్ళో అందరి ముందూ పళ్ళూడాయని చాటింపేసుకున్నావన్నమాట" అని మాత్రం అంది. ఆ మాట అన్నాక రెండోసారి కాఫీ పెట్టి ఇచ్చింది.

మర్నాటినుంచి మిషను అట్టపెట్టెలోకి వెళ్ళింది. అయిదో నెలలో ఎముక గట్టిపడిందని డాక్టరమ్మ చెప్పింది. అసలు పళ్ళు వచ్చాయి. మైకమ్మ అద్దంలో చూసుకుంది. పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి, ఒకదాన్నొకటి ఆనుకుని.

"సందేదండీ?"

సందు ఉంచమని డాక్టరమ్మ చీటీలో రాసినా, పళ్ళు తయారుచేసే ఆయన పొరపాటున రాశారేమో అనుకుని పూడ్చేశాడట. డాక్టరమ్మ ఆయన్నే పిలిపించింది. తెల్లపొడి అంటిన చేతులతో వచ్చి, ఆయన మైకమ్మ ఎదురుగా కూర్చున్నాడు. "సరే, మీ 'స' వినిపించండి" అన్నాడు.

ఆమె స్టేషన్లో చెప్పినట్టే చెప్పింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "మీరా! పొద్దున్న ఏడున్నర బస్సు పదిహేనేళ్ళుగా మీరు చెబితేనే ఎక్కుతున్నాను." ఇంకేం మాట్లాడకుండా పళ్ళు పట్టుకెళ్ళి, నాలుగురోజుల్లో సన్నటి సందుతో మళ్ళీ చేసి తెచ్చాడు. రంగు కూడా పక్క పళ్ళలాగే కాస్త కాఫీ మరకతో కలిపాడు.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. మైకమ్మ ఆర్నెల్లకోసారి వెళ్ళి పళ్ళు శుభ్రం చేయించుకుంటుంది. సన్నటి బ్రష్షుతో మరల చుట్టూ తోముకోవడం ఏ రోజూ మానదు. కిందటేడు అత్తగారిని కూడా బలవంతంగా తీసుకెళ్ళి, వదులైపోయిన పాత పళ్ళ స్థానంలో కొత్త సెట్టు చేయించింది. ఆవిడ వారం రోజులు సణిగి, ఎనిమిదో రోజు జామకాయ కావాలంది. ముక్కలు కోసుకుని తింటేనే అని కోడలు షరతు పెట్టింది.

ఆ మరుసటి వానాకాలం వచ్చేలోగానే మేనేజరు మెట్లకి గరుకు పట్టీలు వేయించాడు. విచారణ కిటికీ దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళు కనబడితే మైకమ్మ ఊరుకోదు. దగ్గరికి పిలిచి, తన పళ్ళు చూపించి, "పదకొండో నంబరు, నాలుగో ప్లాట్‌ఫారం. పాల కేంద్రం దగ్గర దిగండి, ఎదురుగా పచ్చ తలుపు, పళ్ళ డాక్టరమ్మది. నేను పంపానని చెప్పండి" అంటుంది.