మూడు పుస్తకాలు, ఒక సర్వీసు లైను

1998 జూన్‌లో నేను కరీంనగర్ ట్రంక్ ఎక్స్ఛేంజీలో సీనియర్ టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ట్రంక్ ఎక్స్ఛేంజీ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. ఊరు దాటి ఫోన్ మాట్లాడాలంటే ముందు మాకు చెప్పి బుక్ చేసుకోవాలి. మేం బోర్డు మీద తీగ గుచ్చి, అవతలి ఊరి ఆపరేటర్‌ను పిలిచి, రెండు చివరలూ కలిపేవాళ్లం. వాళ్లు మాట్లాడుకుంటున్నంతసేపు ఆ లైను ఇంకెవరికీ దొరకదు. లైను పట్టి ఉంచడమే మా ఉద్యోగం.

ఎస్టీడీ బూతులు వీధివీధికీ వచ్చాక మా బోర్డు ముందు కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఆ జూన్‌లోనే డివిజనల్ ఇంజనీర్ ఆఫీసు నుంచి సర్‌ప్లస్ లిస్టు వచ్చింది. పని తగ్గింది కాబట్టి ఈ ఆపరేటర్లను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి, గుమాస్తా పనికి పంపుతామని దాని సారాంశం. అందులో నా పేరుంది. దానితోపాటే మరో కాగితం వచ్చింది. కరీంనగర్‌లో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి కంప్యూటర్ నెట్‌వర్క్ సెల్, అంటే ఆఫీసుల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే విభాగం, పెడుతున్నారు. ఒక్కోదానిలో ఒక పోస్టు ఆపరేటర్లకు కేటాయించారు. షరతు ఒక్కటే. శాఖ బయట, హైదరాబాద్‌లో కంప్యూటర్ మీద రాసే నెట్‌వర్కింగ్ సర్టిఫికేట్ పరీక్ష ఆ ఏడాది చివరిలోగా పాసై ఉండాలి. ఒక్క ప్రయత్నాన్నే లెక్కలోకి తీసుకుంటారు. శిక్షణ ఏదీ లేదు, పుస్తకాలు మీరే చూసుకోవాలన్నారు.

మా ఆయన సుల్తానాబాద్‌లో టీచరు. నన్ను ఎక్కడికో పంపిస్తే సంసారం రెండు ముక్కలవుతుందన్నది ఒక కారణం. అయితే అది సగమే. ఇన్నేళ్లు జిల్లా మొత్తాన్ని మాటల్లో కలిపిన మనిషిని తీసుకెళ్లి రసీదుల మీద ముద్ర కొట్టమంటే నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే దరఖాస్తు పెట్టాను. మా సబ్‌డివిజనల్ ఇంజనీరు గారు "ప్రయత్నించండి, తప్పేముంది" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో ఉన్న నవ్వు నాకు నచ్చలేదు.

ఆదిలాబాద్ ఎక్స్ఛేంజీ నుంచి, అక్కడి లిస్టులో పేరున్న శకుంతల దరఖాస్తు పెట్టింది. ఖానాపూర్ అమ్మాయి. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. అప్పటికి మేం ఒకరినొకరం రెండుసార్లు చూసుకున్నామేమో, గొంతులు మాత్రం రోజూ కలిసేవి. పోస్టులు వేరు కాబట్టి పోటీ లేదు, ఇద్దరం కలిసే చదవాలనుకున్నాం.

కరీంనగర్ దుకాణాల్లో అప్పుడు కంప్యూటర్ పుస్తకాలంటే టైపింగ్ నేర్పేవే. మా ఆయన హైదరాబాద్‌లో కోఠీకి వెళ్లి ఈ పరీక్షకని చెప్పి అమ్ముతున్న మూడు రకాల పుస్తకాలు, నాకొకటి, శకుంతలకొకటి అని, రెండేసి ప్రతులు తెచ్చారు. మొదటిది ఆ ఇంజనీరు గారే చెప్పిన లావు పుస్తకం. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి. రెండోది ప్రశ్నలు, జవాబులు తప్ప మరేమీ లేనిది. అది బట్టీ పడితే చాలని దుకాణంవాడు హామీ ఇచ్చాడట. మూడోది నీలం అట్టతో, సన్నగా, అక్కడక్కడ బొమ్మలతో పిల్లల వాచకంలా ఉండేది. ఉన్న ఆరు నెలల్లో మూడూ చదవడం అసాధ్యం. ఒకటి ఎంచుకోవాలి.

ఎలా ఎంచుకున్నామో చెబితే నవ్వుతారు. రెండు ఎక్స్ఛేంజీల ఆపరేటర్లు పని మాటలు మాట్లాడుకోవడానికి సర్వీసు లైను అని ఒకటుంటుంది. మధ్యాహ్నం బుకింగులు పలచబడే వేళ నేను ఒక్కో పుస్తకం నుంచి ఒక్కో పేరా ఆ లైను మీద చదివేదాన్ని. శకుంతల దాన్ని తిరిగి చెప్పాలి. ఇది మా వృత్తి అలవాటు. అవతలివాళ్లు నంబరు చెబితే మళ్లీ మనం చెప్పి, వాళ్లు సరే అన్నాకే బుకింగు రాసుకుంటాం. తిరిగి చెప్పగలిగితే అందినట్టే లెక్క. లావు పుస్తకంలోని వాక్యాలను శకుంతల ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పింది. నీలం పుస్తకం దగ్గర ఆగింది, తడబడింది. ఇంకేం, లావు పుస్తకమే మనదని తీర్మానించుకున్నాం. ఇంజనీరు గారి మాట కూడా అదే కాబట్టి మనసు నిమ్మళంగా ఉంది.

ఆగస్టు దాకా దాన్నే చదివాం. మోడెములు, లీజు లైన్లు, తీగల రకాలు ఉన్న అధ్యాయాలు మా పనిలో ముందే తెలిసినవి కాబట్టి చకచకా సాగాయి. మిగతావి కూడా లైను మీద చదువుకున్నాం, అప్పజెప్పుకున్నాం. ఆ తర్వాత ప్రశ్నల పుస్తకం వెనక ఉన్న నమూనా పరీక్షను ఇద్దరం వేర్వేరుగా రాసి దిద్దుకున్నాం. ఇద్దరం తప్పాం, అదీ ఘోరంగా. తమాషా ఏమిటంటే ఇద్దరి తప్పులూ ఒకటే.

ఒక ప్రశ్న చెబుతాను. రెండు ఆఫీసుల మధ్య సమాచారం పోతుండగా దారిలో ఒక లింకు తెగిపోతే ఏమవుతుంది? మేమిద్దరం గుర్తు పెట్టిన జవాబు: సంబంధం తెగుతుంది, మొదటి నుంచి మళ్లీ పంపాలి. బోర్డు మీద తీగ ఊడితే కాల్ పోతుంది కదా! నెట్‌వర్కులో అలా కాదు. సమాచారం ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. ఒక దారి మూసుకుపోతే మిగతా ముక్కలు వేరే దారి పడతాయి. పోయిన ముక్కనే మళ్లీ పంపుతారు. ఎవరూ ఎవరికోసమూ లైను పట్టి ఉంచరు. ఈ సంగతి లావు పుస్తకంలో స్పష్టంగా ఉంది. మేం దాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పుకున్నాం కూడా. అయినా బుర్రకెక్కలేదు.

ఆ మధ్యాహ్నం లైను మీద ఇద్దరం తప్పులు ఒక్కొక్కటే పోల్చి చూసుకున్నాం. చివరికి శకుంతలే అంది.

"అక్కా, మనం చదువుతలేం. నంబర్ చెప్పినట్టు చెప్తున్నం. చెవుల పడ్డది నోట్లకెళ్లి పోతుంది, నడుమ ఏం ఆగుతలేదు."

పప్పులో కాలేశామని అప్పుడర్థమైంది. ఆపరేటర్‌కు అర్థంతో పని లేకుండా అప్పజెప్పడమే శిక్షణ. అటువంటి ఇద్దరు ఆపరేటర్లు తిరిగి చెప్పడాన్ని పుస్తకానికి పరీక్షగా పెట్టుకున్నారు! ఇంకెవరూ చేయరు ఆ తప్పు. శకుంతల నీలం పుస్తకం దగ్గర ఎందుకు తడబడిందని అడిగాను. అందులో ప్రతి పేరా చివర ఏదో ఒకటి అడుగుతున్నాడని, దానికి జవాబు ఆలోచిస్తూ ఆగిపోయానని చెప్పింది. మేం ఆ పుస్తకం లోపమని లెక్కకట్టింది సరిగ్గా దాని గుణాన్నే.

పరీక్ష మార్చాం. ఆపరేటర్‌కు మరో విద్య కూడా వచ్చు: కాల్ ఎందుకు కలవలేదో కోపంగా ఉన్న చందాదారుకు అతని భాషలో నచ్చజెప్పడం. ఇకనుంచి ఒకరు పేజీ చదివి, పుస్తకం మూసి, అవతలివాళ్లను చందాదారుగా అనుకొని చెప్పాలి. పుస్తకంలోని మాట ఒక్కటీ వాడకూడదు. పేజీ కూడా మనకు తెలిసినదాన్ని ఎంచుకోకూడదు, తెలియనిదే తెరవాలి. నీలం పుస్తకంలో ముక్కలుగా పంపే అధ్యాయం తీశాను. శకుంతల జమ్మికుంట పత్తి మార్కెట్‌లోని సేటు అయింది. ఆయన కోపం మా రెండు ఎక్స్ఛేంజీలకూ బాగా తెలుసు.

"ఏందమ్మా, నా లైన్ నడుమల తెగిందంట. నా ముచ్చట అంత ఖరాబైనట్టేనా?" అని గొంతు లావు చేసి అడిగింది.

నేను మొదలుపెట్టి రెండు మాటలు చెప్పానో లేదో లైను మీద మూడో గొంతు వినిపించింది.

"ఏ సేటు? ఏం లైన్? ఏం నడుస్తుంది గీడ?"

అది సరోజన మేడం గొంతు. మా ఎక్స్ఛేంజీలో ఆమె సెక్షన్ సూపర్‌వైజర్. ఆమె టేబుల్ నుంచి ఏ ఆపరేటర్ మాట్లాడేదైనా వినే వీలుంటుంది. సర్వీసు లైను మీద సొంత ముచ్చట్లు పెట్టినవాళ్లకు మెమో ఇవ్వడంలో ఆమెకు చుట్టరికాలు లేవు. సర్‌ప్లస్ లిస్టులో ఉన్న మనిషికి మెమో పడితే కొత్త పోస్టు సంగతి ఇక మరిచిపోవచ్చు. నేను దాచకుండా చెప్పేశాను. పరీక్షకు చదువుతున్నామని, కాల్ వస్తే ఆపేస్తున్నామని, ఇన్ని రోజులు చేసిన తప్పు ఇదీ అని చెప్పాను.

మేడం నిమ్మళంగా అంది. "వారం సంది వింటున్న. మీరిద్దరు ఇంగ్లీషుల చిలుక పలుకులు పలుకుతుంటే నాకొక్క ముక్క సమజ్ కాలే. ఇప్పుడు గా సేటును నేననుకో. నాకు సమజ్ చేయి. చేస్తే మెమో లేదు, చేయకుంటే ఇద్దరికీ రాస్త."

నోరు తెరిచాక ఎక్కడి నుంచో మాటలు వచ్చాయి.

"సేటూ, మీ పత్తి ఒక్క లారీల పోదు. బేళ్లు కట్టి నాలుగు లారీలల్ల ఎక్కిస్తం. ప్రతి బేలు మీద ఎవలికి పోవాల్నో రాసి ఉంటది, ఎన్నో బేలో నంబరుంటది. ఒక తొవ్వ బందైతే చౌరస్తాల ఉన్నాయన లారీని ఇంకో తొవ్వకు మలుపుతడు. ముందు పోయింది ఎనుక రావచ్చు, ఎనుక పోయింది ముందు రావచ్చు. ఆడ నంబర్లు చూసి వరుసల పెట్టుకుంటరు. ఒక్క బేలు తక్కువైతే గదొక్కటే మళ్ల పంపుమంటరు. మీ సరుకంతా ఎందుకు ఖరాబైతది?"

"మరి నా కోసమని తొవ్వ ఎవలు పట్టి ఉంచుతరు?" అని మేడం అడిగింది. నిజంగా సేటులాగే అడిగింది.

"ఎవ్వలు పట్టి ఉంచరు మేడం. తొవ్వ అందరిది."

ఆ మాట నా నోటి నుంచి వచ్చిన క్షణాన నాకు అర్థమైంది. అప్పటిదాకా కాలేదు. అటు నుంచి శకుంతల "బాప్‌రే, గింతేనా అక్కా!" అని అరిచింది. మేడం మాత్రం అంత తొందరగా వదల్లేదు. చౌరస్తాలో ఉన్నాయనకు ఏ తొవ్వ బందైందో ఎవలు చెప్తరని అడిగింది. నాకు తెలియదన్నాను. "అయితే రేపు చదివి చెప్పు" అని లైను నుంచి తప్పుకుంది. ఆ జవాబు నీలం పుస్తకంలో సరిగ్గా తర్వాతి అధ్యాయం. పుస్తకం ఎంపిక ఆ నిమిషంతో అయిపోయింది.

లావు పుస్తకాన్ని పారేయలేదు. అది చదవడానికి కాదు, వెతుక్కోవడానికి రాసిన పుస్తకమని తెలిసింది. నీలం పుస్తకంలో ఏదైనా క్లుప్తంగా ఉంటే దాన్ని తెరిచేవాళ్లం. ప్రశ్నల పుస్తకాన్ని పరీక్ష దగ్గరపడేదాకా ముట్టుకోలేదు. అది ఏమీ నేర్పదు, మనకు ఏం తెలియదో మాత్రం చెబుతుంది. మధ్యాహ్నం పాఠం కొనసాగింది. సరోజన మేడం రోజూ ఒక వేషంలో వచ్చేది. ఒకరోజు కోపిష్టి లాయరు, ఒకరోజు చెవుడున్న పెద్దాయన. కంప్యూటర్ల చిరునామాల అంకెల లెక్క దగ్గర, అంటే ఒక నెట్‌వర్కును చిన్న భాగాలుగా చీల్చే చోట, శకుంతల నాకంటే చురుకని తేలింది. అది నాకు ఆమే నేర్పింది. చెవుడున్న పెద్దాయనకు చెప్పినట్టు మూడుసార్లు, గట్టిగా.

డిసెంబరులో హైదరాబాద్‌లో ఒకే రోజు ఇద్దరం పరీక్ష రాశాం. గదిలో మిగతావాళ్లంతా కాలేజీ వయసువాళ్లు. ఒకబ్బాయి నన్ను చూసి అభ్యర్థుల తల్లులు బయట కూర్చోవాలని మర్యాదగా చెప్పాడు. నా హాల్ టికెట్ చూపించాను. ప్రశ్నలు చాలావరకు "ఫలానా లింకు పడిపోయింది, ఇప్పుడేమవుతుంది" తరహావే. తెర మీద ఒక్కొక్కటి వస్తుంటే మనసులో సేటుకు జవాబు చెప్పి, దానికి సరిపోయే ఇంగ్లీషు మాట దగ్గర గుర్తు పెట్టాను. ఫలితం అక్కడికక్కడే తెర మీద పడింది. పాస్. తల తిప్పి చూస్తే రెండు వరసల అవతల శకుంతల కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. పరీక్ష గదిలో మాట్లాడకూడదు. ఇద్దరం బయటికొచ్చాకే నవ్వాం, ఆ నవ్వు ఆపుకోవడం మా వల్ల కాలేదు. అంత సంతోషం నా సర్వీసులో మళ్లీ కలగలేదు.

సర్‌ప్లస్ లిస్టులో మా ఇద్దరి పేర్లు కొట్టేశారు. నేను కరీంనగర్ సెల్‌లో, శకుంతల ఆదిలాబాద్ సెల్‌లో చేరాం. మరుసటి ఏడు లిస్టులో మిగిలిన ఆపరేటర్లకు శిక్షణ ఇవ్వాలని ఆఫీసు నిర్ణయించింది. ఏ పుస్తకాలు కొనాలో రాసిమ్మని ఇంజనీరు గారు నన్నే అడిగారు. నవ్వకుండా అడిగారు.

ఆ పుస్తకాల పేర్లు చెప్పమని ఇప్పటికీ కొందరు అడుగుతారు. అవి ఎప్పుడో పాతబడ్డాయి, చెప్పి లాభం లేదు. ఎంచుకునే పద్ధతి మాత్రం పాతబడలేదు. తెలిసిన పేజీ తెరిస్తే ప్రతి పుస్తకమూ మంచిదే అనిపిస్తుంది. మనకు బొత్తిగా తెలియని పేజీ తెరిచి చదవాలి, మూసేయాలి, ఆ విద్యతో సంబంధం లేని మనిషికి చెప్పాలి. ఆ మనిషి ఎదురు ప్రశ్న వేయగలిగితే ఆ పుస్తకం కొనుక్కోవచ్చు.