ట్యాపెట్ కవర్ మీద ముడతల నలుపు

పెళ్లయిన కొత్తలో నా భర్త నన్ను చేత్తో కొట్టేవాడు. వనపర్తిలో దుకాణం పెట్టాక చేతిలో ఏది ఉంటే దానితో కొట్టడం మొదలుపెట్టాడు. పెబ్బేరు రోడ్డు మీద, పాత బండ్ల ఇంజిన్ భాగాలను బాగుచేసి కొత్తవాటిలా చేసే దుకాణం మాది. జిడ్డు వదిలించడం, కడగడం, రంగు వేయడం నా పని. మోటారుకు బిగించిన చక్రం మీద రుద్ది అద్దంలా మెరిపించడం అతని పని. ఆ చక్రం తిరుగుతుంటే పక్కన మాట్లాడింది కూడా వినపడదు. అది అతనికి కలిసొచ్చింది. నేను అరిచినా రోడ్డు మీద పోయేవాళ్లకు తెలిసేది కాదు.

ఒక వేసవిలో గద్వాల నుంచి వకీలు సాబ్ ఒకాయన వచ్చాడు, తెల్లగడ్డం పెద్దమనిషి. ఆయన తండ్రి నడిపిన పాత స్పోర్ట్స్ కారు, పైకప్పు లేని రెండు సీట్ల విదేశీ బండి, ఏళ్ల తరబడి రేకుల షెడ్డులో పడి ఉందట. దాని ఇంజిన్ విప్పించి రెండు కార్బురేటర్లు, ఒక ట్యాపెట్ కవర్ గోనెసంచిలో తెచ్చాడు. ట్యాపెట్ కవర్ అంటే ఇంజిన్ నెత్తిన కూర్చునే అల్యూమినియం మూత. మూరెడు పైనే పొడుగు, ఒంటిచేత్తో ఎత్తితే చెయ్యి లాగేంత బరువు.

"మెరిపియ్యొద్దు. కంపెనీల నుంచి ఎట్ల వచ్చిందో గట్లనే కావాలె" అని, మూత అంచు కింద గోరంత మిగిలిన పాత రంగు చూపించాడు. ఎండిన రేగుపండు తోలులా సన్నటి ముడతలు పడిన నలుపు. ఆ పెయింటు మందంగా పూసి వేడి తగిలిస్తే పైపొర ముందే ఆరిపోయి, కింది తడి మీద ముడుచుకుంటుంది. అప్పట్లో ఇంజిన్ మూతలకు అదే వేసేవాళ్లట.

నా భర్తకు మెరుపు తప్ప ఇంకోటి నచ్చదు. ఒక కార్బురేటర్‌ను చక్రం మీద పెట్టి మొహం కనపడేలా రుద్దాడు. రెండోదాన్ని నేను కిరోసిన్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో, సబ్బునీళ్లతో కడిగి అచ్చులోంచి తీసినప్పటి బూడిదరంగుకు తెచ్చాను. వకీలు సాబ్ మళ్లీ వచ్చి రెండూ చూశాడు. మెరిసేదాన్ని పక్కకు నెట్టాడు.

"ఇది గాదు. గీ బేటీ చేసిందే కావాలె. మూత కూడ ఆమెతోనే చేపియ్యి."

ఆయన కారు మలుపు తిరిగేదాకా నా భర్త నవ్వుతూనే నిలబడ్డాడు. తర్వాత షట్టర్ సగం దించి, తుప్పు గీకే తీగల చక్రం ఆన్ చేశాడు.

"వకీలుకు నీ చెయ్యి మస్తు నచ్చిందట. ఏదీ, చూస్త."

మణికట్టు పట్టుకున్నాడు. లాక్కోబోయాను. మోకాలితో నా నడుము గోడకు నొక్కి, అరచేయి తీసుకుపోయి తిరిగే తీగలకు ఆనించాడు. మొదట నొప్పి తెలియలేదు, చప్పుడు మారింది. ఇనుము గీకినప్పటి చప్పుడు కాదు, తడిగుడ్డ చింపినట్టు. తర్వాత గోడ మీద, అతని చొక్కా మీద, నా మొహం మీద రక్తం చిందింది. అతను వదల్లేదు. నా మొహంలోకే చూస్తున్నాడు.

బల్ల మీద రంగు వదిలించి పెట్టిన ట్యాపెట్ కవర్ ఉంది. ఎడమచేత్తో దాని అంచు పట్టుకుని కొట్టాను. మొదటి దెబ్బ చెవి మీద పడింది, అప్పుడు వదిలాడు. రెండోది భుజం మీద పడి ఎముక విరిగింది. కింద పడ్డాడు. మూడో దెబ్బకు చెయ్యి ఎత్తాను. పక్క టైర్ల దుకాణం వాళ్లు షట్టర్ ఎత్తి లోపలికి రాకపోతే వేసేదాన్నే.

దవాఖానలో డాక్టరమ్మ అతన్ని ఏమైందని అడిగింది.

"షెల్ఫు మీది సామాను మీద పడ్డది" అన్నాడు.

"మరి ఈమె చేతికేంది?"

"పనిల తగిలింది."

"అబద్ధం మేడమ్" అన్నాను. "ఈయన నా చెయ్యి చక్రానికి పెట్టిండు. నేను మూతతోని కొట్టిన."

పోలీసులకూ అదే చెప్పాను. భార్య చేతిలో దెబ్బలు తిన్నానని రాయించడం ఇష్టంలేక అతను షెల్ఫు మాట మీదే ఉన్నాడు, వాళ్లు ఎవరి మీదా కేసు రాయలేదు. నేను చేతికి కట్టుతో, గోనెసంచిలో ట్యాపెట్ కవర్‌తో నాగర్‌కర్నూల్‌లో మా అక్క ఇంటికి పోయాను. అక్క బట్టలు కుడుతుంది. బావ కూలిపనికి బొంబాయి పోయాడు.

వకీలు సాబ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మూత నా దగ్గరే ఉందన్నాను.

"చేస్తవా బేటీ? ఇంకెవరికన్న ఇయ్యాల్నా?"

"నేనే చేస్త."

పాత లోహం కదా, మూత నిండా సూదిమొనంత గుంటలు. రక్తం వాటిలోకి దిగి ఎండిపోయింది. కడిగిన ప్రతిసారీ గోధుమరంగు నీళ్లే వచ్చాయి. అక్క పట్టుకుంటే నేను ఎడమచేత్తో రుద్దాను. అది అతని రక్తమో నాదో తెలియలేదు. ఒకసారి లేచి పోయి వాంతి చేసుకుని వచ్చి మళ్లీ రుద్దాను.

మిద్దె మీద ఇనుప పెట్టె పెట్టి, మూతకు మందంగా నల్లరంగు పూసి అందులో ఉంచాను. ఆ ఎండలకు పెట్టె ముట్టుకుంటే చెయ్యి కాలేది. అంతలో నా భర్త వచ్చాడు. చెయ్యి మెడకు కట్టి ఉంది. నేరుగా మెట్లెక్కి వచ్చి పెట్టెను తన్నాడు. తడి రంగుతో మూత కిందపడి మిద్దె మీది దుమ్ములో దొర్లింది. రెండో తన్ను నా కడుపులో పడింది. ముడుచుకుని పడిపోయాను.

అక్క వెనక నుంచి వచ్చింది. రంగులో కలిపే థిన్నర్ డబ్బా తీసి అతని వీపు మీద కుమ్మరించింది. అతను తిరిగేసరికి ఛాతీ మీద పోసింది. కొంగున ముడేసుకున్న అగ్గిపెట్టె తీసి, పుల్ల పట్టుకుని నిలబడింది.

"ముట్టియ్యాల్నా?" అని అడిగింది, అన్నం పెట్టాల్నా అన్నంత మెల్లగా.

అతను అక్క మొహం చూశాడు. వెనక్కి వెనక్కి నడిచి, ఒక మెట్టు తప్పి, గోడ పట్టుకుని దిగిపోయాడు. అక్క పుల్ల పారేసి పై మెట్టు మీద కూర్చుంది, నేను నీళ్లు తెచ్చి గ్లాసు పట్టి తాగించాను.

సరిచూసుకోవడానికి అంచు కింద ఉంచిన గోరంత పాత రంగు తప్ప, అంతా వదిలించి మొదటినుంచి వేశాను. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, ఒకసారి ఏటవాలుగా. పెట్టె మూత కొంచెం తెరిచి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు నున్నగానే ఉంది. తర్వాత ఒక మూల పాలమీగడ ముడుచుకున్నట్టు కదిలింది. అది మెల్లగా మూతంతా పాకింది. అక్కను పిలిచాను. ఇద్దరం నెత్తిన తువ్వాలు కప్పుకుని ఆ ఎండలోనే కూర్చుని చూశాం.

వకీలు సాబ్ వచ్చి, కిందున్న పాత రంగుకూ కొత్తదానికీ వేలు రాసి చూసి తీసుకుపోయాడు. తర్వాత హైదరాబాద్ నుంచి, కర్నూలు నుంచి పాత బండ్లున్న ఒకరిద్దరిని నా దగ్గరికే పంపాడు. అక్క ఇంటి పక్క గది కిరాయికి తీసుకున్నాను. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు.

వానలు పడ్డాక మా అత్త, నా భర్త తల్లి, వనపర్తి నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది. నన్ను తీసుకుపోను వచ్చిందనుకున్నాను. అన్నం పెడితే తిన్నది. నా చెయ్యి తీసుకుని తిప్పి చూసి ఒళ్లో పెట్టుకుంది.

"వాడు ఇంకోదాన్ని చేసుకుంటా అంటుండు. పిల్లను చూస్తుండు."

"చేసుకోనీ అత్తమ్మా."

"ఆ పిల్లకు గీ సంగతి తెల్వదు."

"ఎవరు చెప్తరు మరి?"

అత్త లేచి కొంగు సర్దుకుంది.

"ఇటిక్యాల పోతున్న. ఆ పిల్ల ఇంటోళ్లది ఆ ఊరే. నేనే చెప్త" అని, బస్టాండుకు దారి ఎటో అడిగింది.