కనకమ్మ సత్రంలో రెండు గొడుగులు

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే బస్సు కనకమ్మ సత్రం కూడలిలో ఆగగానే ముందుగా వినపడేది ఎస్తేర్ గొంతు. కొత్త సిమ్ కావాలా అన్నా, నంబరు మారకుండా కంపెనీ మార్చుకుంటావా అక్కా అని తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి పిలిచేది. పచ్చ గొడుగు, దాని కింద ఒక బల్ల, వేలిముద్ర తీసే చిన్న యంత్రం, సిమ్ కార్డుల డబ్బా. అదే ఆమె ఆఫీసు. ఆ పచ్చ గొడుగు ఫోన్ కంపెనీకి దేశమంతటా కోట్లమంది చందాదారులు. వాళ్ళలో ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను చేర్పించింది చాలామటుకు ఎస్తేరే.

నలభై దాటిన మనిషి. పెళ్ళి కాలేదు. వయసులో ఉన్నప్పుడు శ్రీపెరుంబుదూరు వైపు ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసింది. అది మూతపడ్డాక సిమ్ములు అమ్మే ఈ పని దొరికింది. తల్లి పొన్నమ్మతో సత్రానికి దగ్గర్లోనే ఉంటుంది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఎదురుగాలిలో కూడా సాగిపోయే గొంతు.

రోడ్డుకు అవతల, మందుల షాపు పక్కన వంకాయ రంగు గొడుగు ఉండేది. అది ఇంకో కంపెనీది. దాని కింద సుందరరాజ్ కూర్చునేవాడు. పొదటూరుపేటలో పవర్‌లూమ్ నడిపి, మగ్గాలు ఆగిపోయాక ఈ పనిలోకి వచ్చాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. తిరుత్తణిలో అక్క ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. మగ్గాల చప్పుడులో అరిచి మాట్లాడిన అలవాటు వల్ల ఆయన గొంతూ తక్కువదేం కాదు. బస్సు ఆగిందంటే రెండు గొంతులూ పోటీపడేవి.

నిజానికి ఆ పోటీ జనానికే లాభంగా ఉండేది. మూడు నెలలు దాటితే ఎవరైనా కంపెనీ మారవచ్చు. పచ్చ గొడుగు కింద ఏదైనా ఉచితమంటే ఇటు వచ్చేవాళ్ళు, అవతల ఇంకేదో ఉచితమంటే అటు పోయేవాళ్ళు. ఇటుకబట్టీ మేస్త్రీ వేలాయుధమైతే ఏడాది పొడుగునా రోడ్డు దాటుతూనే ఉండేవాడు. ఆయన దాటుతున్నప్పుడల్లా వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకునేవాళ్ళు.

"రెండు కంపెనీలూ పెరగతానే ఉండాయంట మేడం. మన వేలాయుధమన్న ఒక్కడే ఎంతమందిగా లెక్కలోకి ఎక్కినాడో" అన్నాడు సుందరరాజ్ ఒకరోజు టీకొట్టు దగ్గర. ఎస్తేర్‌కు టీ పొలమారింది.

రోడ్డు మీద అందరినీ అన్నా అని పిలిచే ఎస్తేర్ ఆయన్ని మాత్రం సార్ అనేది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఆలోచించలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి సుందరరాజ్ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. మిరియాల పాలు తాగమని ఎస్తేర్ చెప్పింది. తగ్గలేదు. ఒక సోమవారం వంకాయ రంగు గొడుగు తెరుచుకోలేదు. మర్నాడూ అంతే. అవతలి నుంచి జవాబు రాకపోతే తన కేక తనకే ఎబ్బెట్టుగా వినపడి, ఎస్తేర్ మధ్యమధ్యలో ఊరుకుంది. ఫోన్ చేద్దామంటే ఆయన నంబరు లేదు. ఊరి నంబర్లన్నీ చేతుల మీదుగా పోయాయి గాని, రోడ్డు దాటితే మనిషే కనిపిస్తుంటే నంబరు అవసరం ఎప్పుడు పడింది? చివరికి మందుల షాపులో అడిగి తీసుకుంది.

ఫోన్ ఎత్తింది ఆయన అక్క. గొంతులో చిన్న గడ్డలు లేచాయట. ఏళ్ళ తరబడి అరిచినందువల్లే అన్నారట. తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి తీసేశారు. భయపడాల్సిందేమీ లేదు గాని కొన్ని వారాలు నోరు మెదపకూడదు, ఆ తర్వాత కూడా ఎప్పటికీ అరవకూడదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎస్తేర్ తల్లి చేత మెత్తగా జావ కాయించుకుని ఆసుపత్రికి వెళ్ళింది. మంచం మీద సుందరరాజ్ చిక్కిపోయి ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయాడు. కూర్చోమని చేత్తో సైగ చేసింది, తనకూ మాట రానట్టు. ఆయన ఫోన్ తీసి ఏదో కొట్టి చూపించాడు. తెలుగు మాటలే, అరవ అక్షరాల్లో. ఇద్దరికీ చదవడం వచ్చింది ఆ అక్షరాలే. గొడుగు ఎవరు చూస్తా ఉండారు అని రాశాడు. ఎవరూ చూడటం లేదని ఆమెకు చెప్ప బుద్ధి కాలేదు. సెప్టెంబరుతో ఆయన కంపెనీకి, ఏప్రిల్‌లో మొదలైన లెక్కల అర్ధ సంవత్సరం ముగుస్తుంది. అప్పటికి చందాదారులు సరిపడా చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నేను చూస్తాలే సార్. మీరు వచ్చి కూచుంటే చాలు" అంది.

ఆయన వచ్చి కూర్చున్నాడు. మెడకు మఫ్లర్ చుట్టుకుని, నోరు మెదపకుండా వచ్చినవాళ్ళ వేలిముద్రలు తీసుకునేవాడు. పిలిచేది మాత్రం ఎస్తేర్. బస్సు ఆగితే రోడ్డు మధ్యకు వచ్చి నిలబడి, మీ ఊళ్ళో ఏ టవర్ బాగా అందుతుందో చెప్పండి, దాన్ని బట్టి ఇటు రండి, అటు పోండి అని రెండు వైపులా చెయ్యి చూపించేది. జనం మొదట నవ్వారు. తర్వాత అలవాటుపడ్డారు. ఊత్తుకోట దోవలో ఉన్న ఊళ్ళవాళ్ళు వంకాయ రంగు వైపే ఎక్కువ పోయేవాళ్ళు, అక్కడ దానికే సిగ్నల్ బాగుంది కాబట్టి. పచ్చ గొడుగు కింద బల్ల ఖాళీగా ఉండటం ఆమెకు కనిపించకపోలేదు. అయినా అవతల ఆయన ఊపిరాడకుండా పని చేసుకుంటుంటే చూడ్డం బాగుండేది.

సెప్టెంబరు చివర్లో పచ్చ కంపెనీ ఏరియా మేనేజర్ ధనుష్ బైకు మీద వచ్చాడు. తెలుగు కుర్రవాడే. మంచివాడు గాని, పైనుంచి వచ్చే ఒత్తిడికి నిద్రలేని కళ్ళు. వచ్చేసరికి ఎస్తేర్ వంకాయ రంగు గొడుగు కింద నిలబడి ఒక ముసలామెకు కొత్త సిమ్ వేయించి ఇస్తోంది.

"ఏందక్కా ఇది? మన గొడుగు ఆడుండాది" అన్నాడు.

"తెలుసు ధనుషూ. ఆయనకి గొంతు లేదు. నాకుండాది."

ధనుష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. పైవాళ్ళకు ఈ సంగతి చెప్పలేదని ఎస్తేర్‌కు తర్వాత తెలిసింది. ఆ నెలాఖరుకు చందాదారులు సరిపడా చేరి సుందరరాజ్ చోటు నిలబడింది.

దీపావళి దాటాక పచ్చ కంపెనీ అర్ధ సంవత్సర ఫలితాలు వచ్చాయి. సిమ్ములమ్మే వాళ్ళందరినీ తిరువళ్ళూరులో ఒక కల్యాణ మండపానికి పిలిచారు. తెర మీద గీతలు పైకి పైకి పోతున్నాయి. చందాదారులు పెరిగారు, రాబడి పెరిగింది, లాభం పెరిగింది. చెన్నై నుంచి వచ్చిన పెద్దమనిషి ఇంగ్లీషులో చెబుతుంటే ధనుష్ అరవంలోకి మార్చి చెప్పాడు. అందరితోపాటు ఎస్తేర్ కూడా చప్పట్లు కొట్టింది. సంతోషంగానే కొట్టింది. ఆ గీతలో ఎక్కడో ఒకచోట కూతురితో మాట్లాడాలని కొత్త ఫోన్ కొనుక్కున్న చెంగమ్మవ్వ ఉంది, ఒడిశా నుంచి బట్టీకి వచ్చి మొదటిరోజే ఇంటికి ఫోన్ చేసుకున్న కుర్రాళ్ళున్నారు. వేలాయుధం తప్పకుండా ఉన్నాడు.

స్వీటు పెట్టెలు పంచాక రెండో కబురు చెప్పారు. ఇక జనం ఇంట్లో కూర్చునే యాప్‌లో సిమ్ తెప్పించుకుంటారు, జనవరి నుంచి గొడుగులు ఉండవు. అది చెప్పేటప్పుడు ధనుష్ ఆమె వైపు చూడలేకపోయాడు. బయట బస్టాండు దాకా వచ్చి, అక్కా నేను చెప్పి చూసినానక్కా అన్నాడు. నీ చేతిలో ఏముందిరా అని ఆమే అతని భుజం తట్టింది.

సత్రంలో బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. ఎస్తేర్ నేరుగా వంకాయ రంగు గొడుగు దగ్గరకు వెళ్ళి స్వీటు పెట్టె బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పింది. సుందరరాజ్ విన్నాడు. అప్పటికి డాక్టరు కొద్దికొద్దిగా మాట్లాడొచ్చని చెప్పినా, ఆయన ఇంకా సైగలతోనే నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు మఫ్లర్ సడలించుకున్నాడు.

"ఈ పక్కకి వచ్చేయ్" అన్నాడు. ఇసుక రాలినట్టుంది ఆ గొంతు.

"మీ కంపెనీలో ఇంకో మనిషిని తీసుకోరు సార్."

"కంపెనీకి కాదు. నాకు." ఊపిరి తీసుకున్నాడు. "గొంతు కోసరం అడగలా. గొంతు వచ్చేసినాది కదా. నువ్వు కావాల అని అడగతా ఉండా."

తిరుత్తణి బస్సు వచ్చి ఆగింది. జనం దిగారు. ఆ బస్సుకు ఎస్తేర్ ఎవరినీ పిలవలేదు.

ఇంట్లో పొన్నమ్మకు చెప్పడానికి భయపడింది. ఆయన తిరుత్తణి కొండ మీది మురుగన్‌కు కావడి ఎత్తే మనిషి, మనం చర్చికి పోయేవాళ్ళం, ఈ వయసులో నలుగురూ ఏమనుకుంటారో అని తనే అన్ని అభ్యంతరాలూ చెప్పేసింది. పొన్నమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చివరిదాకా విన్నది.

"ఆయన కొండకి పోనీ, నువ్వు చర్చికి పో. మధ్యాన్నం అన్నానికి ఇద్దరూ ఇంటికి రండి" అంది.

మందుల షాపు యజమాని తన షాపుకు ఆనుకుని ఉన్న చిన్న గది వాళ్ళకు అద్దెకు ఇచ్చాడు. అందులో అన్ని కంపెనీల సిమ్ములూ, రీచార్జీలూ, చెడిపోయిన ఫోన్ల రిపేరూ పెట్టారు. ఫ్యాక్టరీలో నేర్చిన పని ఎస్తేర్ వేళ్ళు మరిచిపోలేదు.

పెళ్ళి తిరుత్తణి రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగింది. సాక్షులుగా పొన్నమ్మ, సుందరరాజ్ అక్క, సెలవు పెట్టి వచ్చిన ధనుష్. ఈమెను భార్యగా స్వీకరిస్తున్నానని అందరికీ వినపడేలా చెప్పాలి అన్నాడు అధికారి. సుందరరాజ్ చెప్పాడు. పక్క గదిలో టైపు చప్పుడుకు ఆ మాట ఎవరికీ అందలేదు. మళ్ళీ చెప్పండి అన్నాడు అధికారి.

ఆయన తరఫున తానే చెప్పేద్దామని ఎస్తేర్ నోటిదాకా వచ్చింది. ఆపుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని కాచుకుంది. సుందరరాజ్ గొంతు సవరించుకున్నాడు, తొందరపడలేదు. రెండోసారి చెప్పినప్పుడు పక్క గదిలో టైపు ఆగింది. మాట గోడల దాకా వినపడింది.

ధనుష్ సంతకం పెట్టడానికి ముందుకు వచ్చాడు.