కోడళ్ళకు చెప్పకూడని భాష

మా వదిన మళ్ళీ కంచం పక్కకు తోసేసింది. ఆవిడ తమ్ముడు, అంటే మా ఆయన, పోయి పక్షం రోజులైంది. అప్పటినుంచీ ఇదే తంతు. తమ్ముడి కోసం ఏడిస్తే అర్థముంది, నేనూ ఏడుస్తున్నాను. ఆవిడ గోల వేరు. వాళ్ళింటి భాష వచ్చినవాళ్ళు లోకంలో అప్పటికి వాళ్ళిద్దరే మిగిలారు. పోయేముందు ఆయన ఆ భాషలో ఏదో అన్నారు. దగ్గరున్నది నేను. ఏమన్నాడని వదిన అడిగితే, నాకేం తెలుస్తుంది మీ భాష అనేశాను. తమ్ముడి ఆఖరి మాట గాల్లో కలిసిపోయిందని ఆవిడ ముద్ద ముట్టడం లేదు.

వదిన పెళ్ళి చేసుకోలేదు. తండ్రి ఇచ్చిన పాత సామాన్ల కొట్టే ఆవిడ కాపురం. ఎవరైనా పాడైన ఫ్యానో, తుప్పు పట్టిన కుట్టుమిషనో తెస్తే, తిరగేసి చూసి, ఆ మనిషి ఎదుటే తమ్ముడితో ఆ భాషలో ధర తేల్చేసేది. తెచ్చినవాడు వెర్రిమొహం వేసుకుని చూసేవాడు. బేరం గుట్టు దక్కాలంటే ఆ భాష గడప దాటకూడదు. అందుకని వాళ్ళలో ఒక కట్టుబాటు: కోడళ్ళకు నేర్పకూడదు, పుట్టింటికి మోసుకుపోతారు. పిల్లల్ని పెంచేది ఆ కోడళ్ళే కదా, మరి భాష ఎలా బతుకుతుంది? కూర్చున్న కొమ్మను తామే నరుక్కున్నారు.

విశ్వవిద్యాలయం నుంచి ఒకమ్మాయి రికార్డరు పట్టుకుని వచ్చింది. బదులు చెప్పే మనిషి లేకుండా గోడతో మాట్లాడమంటావా అని వదిన తరిమేసింది.

నేనేమైనా చెవిటిదాన్నా? ముప్పయ్యేళ్ళు ఆ కొట్లో ఇత్తడి తోముతూ కూర్చున్నాను. మొదట్లోనే సగం పట్టుబడింది. తెలిసిందని పసిగడితే లేచి లోపలికి పోతారని, తెలియనట్టే ఉన్నాను. నా వంటని, నా నడకని, నా పుట్టింటిని ఎన్ని మాటలన్నారో! అన్నీ మింగాను. ఎంత ఒళ్ళు మండేదో నాకే తెలుసు.

ఆ పూట కంచం తోసేసరికి ఇక నా వల్ల కాలేదు.

"తింటావా, ముక్కు మూసి నోట్లో కుక్కమంటావా?" అన్నాను, వాళ్ళ భాషలోనే.

వదిన తలెత్తింది. ఎవరు నేర్పారని అడగలేదు. ఆ భాషలోనే, "అయితే వాడేమన్నాడో నీకు తెలుసు" అంది.

తెలుసు. చచ్చినా చెప్పకూడదనుకున్నాను. కానీ ఆ ముఖం చూశాక చెప్పక తప్పలేదు.

"నీకు మా మాట వచ్చని నాకెప్పుడో తెలుసు, ఇక అక్కతో నువ్వే మాట్లాడాలి అన్నారు."

తెలిసి కూడా ఇన్నేళ్ళు నన్ను మూగదానిలా కూర్చోబెట్టారా అన్న ఉక్రోషంతోనే అప్పటిదాకా నోరు కుట్టేసుకున్నాను.

"వాడికి తెలుసా?" అంది వదిన. "తెలిసే నా చేత నీ ముందు అవన్నీ అనిపించాడా?"

"అనిపించారు. పైగా నవ్వుకునేవారు."

వదిన కంచం దగ్గరికి లాక్కుంది. ముద్ద నోట్లో పెట్టుకుని, ఏడుస్తూనే తమ్ముణ్ణి ఒక తిట్టు తిట్టింది. నేనెన్నడూ వినని తిట్టు. అంటే ఏమిటని అడిగాను. నమిలి మింగి, నాకు బోధపడేదాకా విడమరిచి చెప్పింది. తర్వాత ఇద్దరం కలిసి ఆయన్ని మళ్ళీ తిట్టాం.