అత్తగారి సగం, కోడలి సగం

ఆ రోజుల్లో నాకు ఒక పుస్తకం మీద అభిప్రాయం ఏర్పడడానికి దాన్ని పూర్తిగా చదవవలసిన అవసరం ఉండేది కాదు. పదో పేజీకల్లా వచ్చేసేది. వచ్చాక లోపల ఆగేది కాదు, ఎవరో ఒకరికి చెప్పి తీరాలి. మాది కలిదిండి వైపు, చుట్టూ చేపల చెరువులే. ఇంట్లో నా గోల వినేవాళ్ళు లేక గట్టు మీద కూర్చుని కొంగలకి చెప్పుకునేదాన్ని (ఒంటికాలి మీద నిలబడి చాలా ఓపిగ్గా వినేవి. అంత మంచి శ్రోతలు నాకు మళ్ళీ దొరకలేదు). అలాంటి నాకు బీఎడ్ అవగానే తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు ఉద్యోగం వచ్చింది. ఏలూరులో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ రోజూ పొద్దున పాసింజరు బండిలో వెళ్ళడం, సాయంత్రం రావడం. ఆడవాళ్ళ పెట్టెలో అడుగుపెట్టిన మొదటిరోజే నాకర్థమైంది, దేవుడు నన్ను కొంగల దగ్గర్నుంచి మనుషుల దగ్గరికి బదిలీ చేశాడని.

మా స్కూల్లోనే పనిచేసే సైన్సు టీచరుది కూడా అదే బండి. నా వయసే, నాకన్నా గట్టి గొంతు. ప్రతి ఆదివారం చర్చిలో పాటలు పాడి సానబెట్టిన గొంతు అది. మేమిద్దరం స్నేహితులమైన కొత్తల్లో పెద్దమ్మ బీరువా అడుగున నాకొక లావుపాటి నవల దొరికింది. అట్ట లేదు, మొదటి కాగితాలు లేవు. పేరేమిటో, రాసిందెవరో పెద్దమ్మకే తెలియదు. దాన్ని బండిలో తెరిచి, దెందులూరు రాకముందే "ఈ అత్తగారు మనిషి కాదండీ, రాక్షసి" అని పెట్టెకంతటికీ వినిపించేలా ప్రకటించాను. "ఏదీ, ఇలా ఇవ్వు" అంటూ సైన్సు టీచరు లాగింది. నేను వదల్లేదు. పాపం ఏనాటి పుస్తకమో, టప్పున నడిమికి రెండయింది. మొదటి సగం నా చేతిలో, రెండో సగం ఆమె చేతిలో. ఒక్క క్షణం ఇద్దరం తెల్లమొహాలు వేశాం. ముందుగా తేరుకున్నది ఆమే.

"మంచిదేలే. ఇద్దరం ఒకేసారి చదువుకోవచ్చు" అంది.

"మధ్యలోంచి చదివితే నీకేం అర్థమవుతుందే?"

"ఇంటర్వెల్ తర్వాత వెళ్ళి చూసిన సినిమాలన్నీ నాకు బాగానే అర్థమయ్యాయి."

అలా మొదలైంది. నా సగంలో మహాలక్ష్మమ్మ అనే అత్తగారు కొట్టుగది తాళంచెవి బొడ్లో దోపుకుని, నీలవేణి అనే కోడల్ని కాల్చుకు తినేది. కోడలు సరదాగా వాయించుకునే హార్మోనియాన్ని పాలేరు చేత నూతిలో వేయించింది కూడా. ఆ ఘట్టం చదివిన రోజు నేను స్కూల్లో అన్నం ముట్టలేదు. సైన్సు టీచరు సగంలోనేమో అదే మహాలక్ష్మమ్మ, మంచాన పడ్డ కోడలికి గోరుముద్దలు తినిపిస్తూ, కాళ్ళు పట్టుకుపోతున్నా ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగుతోంది. కోడలేమో మొహం అటు తిప్పుకుని పడుకుంటోంది.

"అంత పొగరుబోతు కోడల్ని నేనెక్కడా చూడలేదు" అంది సైన్సు టీచరు.

"హార్మోనియం పోయినవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ" అన్నాను.

"ఏ హార్మోనియం? నా సగంలో హార్మోనియమే లేదు."

"నూతిలో ఉంటే నీకెలా కనపడుతుంది?"

పెట్టె మొత్తం గొల్లుమంది. మర్నాటినుంచి బండెక్కగానే అందరూ మా చుట్టూ చేరడం, "నిన్న ఎంతదాకా వచ్చిందండీ?" అని అడగడం. భీమడోలు వచ్చేసరికి పెట్టె రెండు పార్టీలయ్యేది. ఇటు బల్లలు కోడలి పార్టీ, అటు బల్లలు అత్తగారి పార్టీ. పూళ్ళ స్టేషనులో పూలబుట్టతో ఎక్కే ఒకావిడ మాత్రం రోజూ ఎటు సీటు దొరికితే ఆ పార్టీలో చేరేది.

మా పెట్టెలో నిజం అత్తాకోడళ్ళు కూడా ఒక జంట ఉండేవారు. పెదపాడు మనుషులు. ఇద్దరూ గూడెంలో ఒకే కుట్టు సెంటరులో పనిచేసేవారు. ఒకే బండి ఎక్కుతారు, చెరో కిటికీ దగ్గర కూర్చుంటారు, మాటల్లేవు. కారణం మాకెవరికీ తెలియదు. అవసరమైతే మధ్యలో కూర్చున్నవాళ్ళ చేత కబురు పంపుకునేవారు. "ఏవండీ, ఆ అమ్మాయిని టిఫిను తినమనండి" అని ఆవిడ. "తిన్నాననండి" అని ఈమె (మధ్యలో ఉన్నది నేనైతే ఇటు నుంచి అటు మెడ తిప్పలేక నొప్పి పుట్టేది). తీరా పుస్తకం దగ్గరికొచ్చేసరికి, ఆ అత్తగారు కోడలి పార్టీ, ఆ కోడలు అత్తగారి పార్టీ. ఒకరోజు నేను హార్మోనియం సంగతి మళ్ళీ చదివి వినిపిస్తుంటే, పెదపాడు అత్తగారు కళ్ళొత్తుకుంటూ, "దాని పాట అది పాడుకుంటే ఈవిడ సొమ్మేం పోయిందండీ" అంది. ఆవలి కిటికీ దగ్గర్నుంచి కోడలు నేరుగా ఆవిడ వంకే తిరిగి, "పెద్దావిడ అంతలా మారి సేవ చేస్తుంటే ఒక మంచి మాటనడానికి దీని నోరేమైంది అత్తయ్యగారూ?" అంది. ఆ మాట మా ఎవరి ద్వారానూ వెళ్ళలేదని ఆ ఇద్దరికీ కాసేపటికి గాని తట్టలేదు.

"అంత దెబ్బ తిన్నాక నోరు రాదే, పిచ్చిపిల్లా" అంది అత్తగారు, మెల్లగా.

ఇక ఆపడం మా తరమా. అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం. ఆ మాటల్లో బండి ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు కదిలిందో, గూడెం వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాతి చిన్న స్టేషనులో పెట్టెలో సగంమందిమి దిగి, ప్లాట్‌ఫాం మీద కూడా వాదించుకుంటూనే ఆటోల కోసం వెతుక్కున్నాం. ఆ రోజు మా స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు. మేం చేరేసరికి అదంతా అయిపోయి, హెడ్మాస్టారు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కరే నిలబడి ఉన్నారు. నేను అబద్ధం ఒకటి తయారు చేసుకుంటూ ఉండగానే సైన్సు టీచరు నోరు తెరిచింది. ఆమెకి అబద్ధం రాదు.

"అత్తగారి వల్ల ఆలస్యమైందండీ."

"ఏమైందమ్మా?" హెడ్మాస్టారి గొంతు మెత్తబడింది.

"హార్మోనియం నూతిలో వేయించారండీ. కోడలేమో మంచం పట్టిందండీ."

ఆయన కంగారుగా కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టారు. "భయపడకమ్మా, ఇలాంటివి సహించి ఊరుకోకూడదు. పెద్దమనుషులతో నేను మాట్లాడతాను" అని, ఒక్కసారి ఆగి, కళ్ళజోడు సర్దుకుని, "అవునమ్మా, నీకసలు పెళ్ళెప్పుడైందీ?" అన్నారు.

నాకు నవ్వాగలేదు. ఆ నవ్వుతో అసలు సంగతి బయటపడి, రెండు సగాలూ ఆయన సొరుగులోకి వెళ్ళిపోయాయి.

ఉద్యోగాలు ఊడతాయని ఇద్దరం బిక్కుబిక్కుమంటూ గడిపాం. కొన్నాళ్ళకి పిలిచారు. బల్ల మీద మా నవల, ఒకే పుస్తకంగా. సగాలు రెండూ కలిపి గోనె పురికొసతో కుట్టి ఉన్నాయి. "చదివానమ్మా" అన్నారు, గొంతు సవరించుకుని. "నాకేమనిపించిందంటే, తప్పు అత్తగారిదీ కాదు, కోడలిదీ కాదు. ఆ మధ్య మొగుడొకడున్నాడు చూడండి. ఇంత పుస్తకంలో వాడు నోరు విప్పింది లేదు. భోజనానికి లేవమంటే లేచాడు, అంతే." ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆ నవల్లో మొగుడున్న సంగతే మాకు గుర్తులేదు. ఆయన వాణ్ణి దులిపేస్తూనే ఉన్నారు. మొదటి పీరియడు బెల్లు కొట్టినా మమ్మల్ని వదల్లేదు.

తర్వాత ఆయన తిరిగిచ్చిన పుస్తకంలో వంతులవారీగా ఒకరి సగం ఒకరం చదువుకున్నాం. నేను ఆసుపత్రి ఘట్టం చదివి వెక్కివెక్కి ఏడ్చి, అంత మంచి అత్తగారిని ఇన్నాళ్ళూ తిట్టానే అనుకున్నాను. మర్నాడు బండెక్కి ఆ మాట చెప్పబోయేలోగా సైన్సు టీచరు ఎదురొచ్చి, "నువ్వన్నదే నిజం. హార్మోనియం నూతిలో వేయించిందంటే అది రాక్షసే" అంది.

"నోరు ముయ్యి, మా అత్తగారినేమీ అనకు" అన్నాను నేను.

పెట్టెలో ఇటు బల్లలవాళ్ళు అటు, అటు బల్లలవాళ్ళు ఇటు మారారు. పెదపాడు అత్తాకోడళ్ళు మాత్రం మాకేసి చూడనైనా లేదు. ఒకే కిటికీ దగ్గర పక్కపక్కన కూర్చుని, మా నోట విన్న హెడ్మాస్టారి మాట పట్టుకుని, ఆ మొగుణ్ణి ఏం చేస్తే బాగుంటుందో తీరుబడిగా మాట్లాడుకుంటున్నారు.

ఇప్పుడు నాది ఏలూరులోనే ఉద్యోగం. స్కూటీ మీద వెళ్ళొస్తాను. స్కూటీ మీద చదవలేం, పక్కనెవరూ ఉండరు. ఎప్పుడైనా రైలు గేటు పడి ఆగితే, ఎదురుగా పాసింజరు బండి వెళుతుంది. అందులో బల్లల మధ్య నిలబడి, బండితోపాటు ఊగిపోతూ, ఎన్నడూ పుట్టని ఒక అత్తగారి కోసం గొంతు చించుకునే ఆ పిల్ల నాకు కనపడుతుంది. దగ్గరికెళ్ళి చెయ్యిపట్టి కూర్చోబెట్టి, కాసిని మంచినీళ్ళివ్వాలనిపిస్తుంది. తాగాక మెల్లగా, "ఊఁ, తర్వాతేమైంది?" అని అడగాలనిపిస్తుంది.