ఎదురింటి ఆంటీ చూసిన పాకం

గత నెలలో ఒక ఉదయం పని దగ్గర పాకం కలుపుతుండగా ఫోన్ వచ్చింది. ఎదురింటి ఆంటీ కూతురు. "అంకుల్, అమ్మ పోయింది. స్లీప్‌లోనే. కాఫీ పట్టుకెళ్ళి లేపాను, లేవలేదు" అంది. నేను "సరే, సరే" అన్నాను. చావు కబురుకి ఎవడైనా సరే అంటాడా? నేనన్నాను. పొయ్యి మీద పాకం నల్లబడిపోతోంది, మంట ఆర్పాలన్న ధ్యాస కూడా లేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఈ పరాయి దేశంలో, వుడ్‌ల్యాండ్స్ అనే పేటలో మా రెండు ఫ్లాట్ల తలుపులూ ఎదురెదురు. ఆవిడది అనకాపల్లి దగ్గర పల్లె, చిన్నప్పుడు ఇంట్లో బెల్లం వండేవారట. నాది ప్రొద్దుటూరు. యాభై దాటాయి, పెళ్ళి నిలవలేదు, ఒక్కణ్ణే ఉంటాను. నేను దిగిన వారంలోనే ఆవిడ తలుపు తట్టింది.

"ఏటి బాబూ, రోజూ ఆ పొట్లాలు తెచ్చుకుని తింతన్నావు? వంట రాదా, బద్ధకమా?"

"రెండూనండీ" అన్నాను.

"నిజం చెప్పావు, అందుకు పప్పు తీసుకో" అని గిన్నె చేతిలో పెట్టింది.

అలా నిలబడే ఇంకో మాట కూడా చెప్పింది. "మా ఆయన్ని తాగుడే తీసుకుపోయింది. నలభై ఆరేళ్ళకే. ఇప్పటికీ ఆ వాసనొస్తే నాకు కడుపులో తిప్పుతాది." ఆ వెంటనే నేనేం పని చేస్తానని అడిగింది. డ్రింక్స్ కంపెనీ అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. వేడి గిన్నె చేతిలో ఉంది మరి. ఈ ఊళ్ళో నా కోసం తెరుచుకున్న మొదటి తలుపు అది, మూసుకుపోతుందేమోనని భయపడ్డాను.

నేను పనిచేసేది బీరు కాచే చిన్న కంపెనీలో. మా యజమానికి ఒక పిచ్చి పట్టుకుంది. బెల్జియం మఠాల్లో సన్యాసులు తరతరాలుగా కాచుకునే ముదురు రంగు బీరు ఉంది, దాన్ని ఇక్కడ అచ్చం అలాగే దింపాలని. దాని ప్రాణమంతా నల్లగా కాచిన పంచదార పాకంలో ఉంటుంది. ఆ పాకం వండే పని నా నెత్తిన పడింది. మూడుసార్లు వండాను. రంగు వచ్చిన ప్రతిసారీ మాడు చేదు కూడా వచ్చింది. అంతా మోరీలో పోశాం.

బెల్లం వండిన ఇంటి మనిషి ఎదురుగా ఉండగా నాకీ తిప్పలెందుకని ఆంటీ దగ్గరికి వెళ్ళాను. దేనికని అడిగింది. "బెల్జియంలో మఠాల్లో స్వాములు తాగే పానకం ఆంటీ, మా కంపెనీలో చేస్తున్నారు" అన్నాను. తడుముకోకుండా ఎలా వచ్చిందో నా నోట! స్వాముల పానకం అనగానే ఆవిడ వెళ్ళి తలస్నానం చేసి వచ్చింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. దిగలేదు, ఆవిడ వంటింట్లో పొయ్యి వెలిగించాను.

నా థర్మామీటర్ చూసి "ఇదేటి, పాకానికి జ్వరమా?" అని అవతల పెట్టింది. చెవితో వినమంది. పాకం పల్చగా ఉన్నప్పుడు ఒక చప్పుడు, చిక్కబడ్డాక ఇంకో చప్పుడు. పాత చింతపండు రంగు తిరగ్గానే మంట తగ్గించి, దూరంగా నిలబడి గరిటెతో కాసిన్ని నీళ్ళు పోసేది. మళ్ళీ కాచేది, మళ్ళీ పోసేది. "ఇక్కణ్ణించి కదిలావంటే ఊరుకోను, ఇది నీకోసం ఆగదు" అనేది. దించాక మొదటి చెంచా దేవుడికి, రెండోది నాకు.

కాచేటప్పుడు ఆ స్వాముల గురించి అడిగేది. భోజనాల దగ్గర వాళ్ళు మాట్లాడరట అని చెప్పాను.

"మరి పులుసు ఇంకాస్త కావాలంటేనో?"

"సైగ చేస్తారేమో ఆంటీ."

"పాపం" అని నిజంగానే బాధపడింది.

రెండేళ్ళు అలా గడిచాయి. ఆవిడ పాకంతో మొదటిసారే బీరు కుదిరింది. తాగినవాళ్ళు మెచ్చుకున్నారు, యజమాని నన్ను కౌగిలించుకున్నాడు. ఆ మెప్పంతా ఆవిడది. ఆవిడ మాత్రం "నా పానకం ఎప్పుడు తెస్తావు? దేవుడికి పెట్టుకోవాలి" అని అడుగుతూనే ఉంది. ఇంకా కుదర్లేదని నేను చెబుతూనే ఉన్నాను. గుళ్ళో కనిపించిన ప్రతివాళ్ళతోనూ తన పాకం స్వాముల పానకంలో పడుతోందని చెప్పుకునేదట. చెప్పేద్దామని ఎన్నిసార్లు ఆ గుమ్మందాకా వెళ్ళానో! "ఆంటీ, ఒక మాట" అనేవాణ్ణి. "ముందు తిను" అనేది. తిని వచ్చేసేవాణ్ణి. పిరికివాణ్ణి, ఇంకేం లేదు.

పదకొండో రోజుకి ముందు ఆవిడ కూతురు వచ్చింది. "అంకుల్, అమ్మ లైక్ చేసినవన్నీ ఫోటో దగ్గర పెడుతున్నాం. మీ స్వామీస్ డ్రింక్ తీసుకురండి లా. ఎప్పుడూ అడిగేది" అంది, ఇక్కడివాళ్ళ అలవాటు "లా"తో సహా.

పదకొండో రోజు పొద్దున్నే ఒక సీసా పట్టుకుని వెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయాను. "ఇది పానకం కాదమ్మా, బీరు. రెండేళ్ళుగా మీ అమ్మ చేత బీరుకి పాకం పట్టించాను" అన్నాను. అనడానికి ఎంత చిన్న మాట!

ఆ అమ్మాయి వంగి సీసా మీది లేబుల్ చదివింది. "ఇప్పుడెందుకు చెప్తున్నారు అంకుల్?"

"అప్పుడు చెబితే తిట్టి తలుపేసేస్తుందని."

"తిట్టేది. టూ డేస్ మాట్లాడేది కాదు. థర్డ్ డే తనే వచ్చి పిలిచేది." కళ్ళు తుడుచుకుంది. "ఇంటికి తీసుకెళ్ళిపోండి. కోపం కాదు. నాన్న ఫోటో కూడా అక్కడే పెట్టాం."

చూశాను. ఆవిడ పక్కనే ఆయన, ఇద్దరికీ ఒకటే దండ.

వెనక్కి వచ్చి నా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ మూడో రోజు గురించే ఆలోచిస్తున్నాను. నాకు రావలసిన తిట్లు ఆవిడతోనే పోయాయి. అవి పడి ఉంటే ఇంత ఒంటరిగా ఉండేది కాదు. భోజనాలయ్యాక వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రెండు గుమ్మాల మధ్య కుప్పగా ఉన్న చెప్పులు జత జతగా తగ్గుతూ వచ్చాయి. సాయంత్రానికి అటు ఆ అమ్మాయివి, ఇటు నావి మిగిలాయి.